మునిగిన ఓడ దగ్గరికి వెళ్లే ముందు

చిరంజీవి స్వాతికి మామయ్య ఆశీస్సులు.

డైవింగ్ కోర్సు పూర్తయిందని, మునిగిన ఓడల సర్వేలు చేసే వాలంటీర్లతో కలవాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమమ్మా. ఇంగ్లండ్‌లో, పోర్ట్‌స్మత్ రేవులో ఉన్నదానివి, అంతకంటే మంచి చోటు దొరకదు. 1545లో అక్కడి దగ్గర్లో మునిగిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌక కోసం 1965లో వెతకడం మొదలుపెట్టింది క్లబ్బు డైవర్లే. 1971లో దాని దుంగలు బయటపడ్డాయి, 1982లో ఓడ పైకొచ్చింది. అది చూసి పైకి తేవడమే మన పని అనుకోకు. మన పని కొలవడం, రాయడం.

అదెలాగో చెబుతాను. శిథిలం పొడవునా ఒక టేపు బిగించి కడతారు. ఫిరంగి మూతి సరిగ్గా ఎక్కడుందో తేలాలంటే ఆ టేపు మీద రెండు చోట్ల నుంచి మూతి దాకా దూరం కొలవాలి. ఒడ్డుకొచ్చాక ఆ దూరాలతో కాగితం మీద రెండు చాపాలు గీస్తే, అవి కలిసే చోటే ఫిరంగి మూతి. కానీ చాపాలు టేపుకి రెండు వైపులా కలుస్తాయి. అందుకే ఏ పక్కన కొలిచావో కింద ఉండగానే రాసుకోవాలి. ఆ నీళ్లు ఒక్కోసారి ఎంత మసకగా ఉంటాయంటే, టేపు అవతలి కొస పట్టుకున్న నీ జోడీ నీకు కనిపించదు. మధ్యలో ఏ ఇనుప ముక్కకో తగులుకుని టేపు వంగిందేమో చేత్తో తడుముకుంటూ వెళ్లి చూడు. పెన్సిల్‌ని ప్లాస్టిక్ పలకకి దారంతో కట్టుకో. బోటెక్కాక టీ తాగకముందే అన్నీ శుభ్రంగా తిరగరాయి. సాయంత్రానికి నీ గీతలు నీకే అర్థం కావు.

కొలతల్లో పడితే సిలిండర్లో గాలి సంగతి మరిచిపోతాం. ఒక్కో కొలతకి ఒకసారి గేజ్ చూడు. పోటు, ఆటు మధ్య ప్రవాహం నెమ్మదించే కాసేపట్లోనే దిగాలి. ఆ టైమ్ అయిపోతుంటే పని సగంలో ఉన్నా వచ్చెయ్. చిక్కుకున్న పాత వలలకి దూరంగా ఉండు. ఓడ లోపలికి మాత్రం దూరకు, దానికి శిక్షణ వేరు.

ఏదీ తీసుకురాకు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. 1917 ఫిబ్రవరి 21న ఐల్ ఆఫ్ వైట్ దగ్గర పొగమంచులో ఇంకో ఓడ గుద్ది మెండీ మునిగింది. 600 మందికి పైగా పోయారు, ఎక్కువమంది దక్షిణాఫ్రికా నల్లజాతి కూలీలు. దాని గంటని ఎవరో పట్టుకుపోయారు. 2017లో పేరు చెప్పకుండా ఒక విలేఖరికి అప్పగించారు, 2018లో అది దక్షిణాఫ్రికా చేరింది. ఉండాల్సింది ఆ కుటుంబాల కళ్ల ముందు, ఎవరి అల్మరాలోనో కాదు. విశాఖలో పెరిగావు, 1971లో అక్కడి సముద్రంలో 93 మందితో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి నీకు తెలుసు. శత్రువులదైనా అది సమాధే. చట్టం కూడా ఉంది: బ్రిటన్‌లో ఓడ శిథిలం నుంచి ఏది తీసినా 28 రోజుల్లో ప్రభుత్వానికి తెలపాలి. రక్షిత శిథిలాల దగ్గర దిగడానికే లైసెన్సు కావాలి.

చలికాలమంతా లైబ్రరీలో కూర్చో. నాకు డైవింగ్ ఎంత ఇష్టమో అదీ అంతే ఇష్టం. ఆవిరి ఓడైతే బాయిలర్లెన్నో లెక్కపెట్టి, ఇంజిన్ సిలిండర్ల అడ్డుకొలత తీసుకొచ్చి, ఓడల వివరాలు నమోదు చేసే లాయిడ్స్ రిజిస్టర్ పాత సంపుటాల్లో పోల్చి చూడు. చాలాసార్లు పేరు అలాగే తేలుతుంది. ఆ ఓడల్లో కొలిమికి బొగ్గేసిన వాళ్లలో లాస్కర్లు, అంటే మన దేశపు ఓడ పనివాళ్లు, ఎందరో ఉన్నారు. ఏ సిబ్బంది జాబితాలోనైనా మనవాళ్ల పేరు తగిలితే వదిలెయ్యకు, రాసుకో.

ముందు మీ ఊళ్లోనే ఉన్న నాటికల్ ఆర్కియాలజీ సొసైటీ కోర్సులో చేరు. ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రై సూట్ ఇప్పుడే కొనకు, అద్దెకు తీసుకుని కొలనులో అలవాటు చేసుకో. మొదటి సీజన్లో కెమెరా పెట్టుకోకు, టేపు చాలు. కోర్సు తేదీలు తెలియగానే ఫోన్ చెయ్యి.

మీ మామయ్య