టిఫ్ టికెట్లు కొనేముందు ఒకసారి ఇది చదువమ్మా

అమ్మలూ,

మొన్న ఫోన్లో అడిగావు కదా, "బాబాయ్, సెప్టెంబర్‌లో టిఫ్ అని ఆఫీసులో అందరూ ఒకటే గోల, అది స్టార్లకీ డబ్బున్నవాళ్ళకీ కదా, మనలాంటివాళ్ళం పోవచ్చా" అని. టిఫ్ అంటే టొరంటో ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్, సినిమాల పండగ. నిక్షేపంలా పోవచ్చు. టొరంటో పక్కనే ఉద్యోగం చేస్తూ, శనాదివారాలు బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో లాప్‌టాప్ ముందు గడిపేస్తానంటే మాత్రం తిడతాను. నేను సగం చెప్పేలోపే మీ పిన్ని ఫోన్ లాగేసుకుంది కాబట్టి మిగతాది ఇలా రాస్తున్నాను, పొడుగైతే టీ పెట్టుకుని చదువు.

ముందు నీ అనుమానం తీరుస్తాను. ఈ ఫెస్టివల్ 1976లో మొదలైనప్పుడు దాని పేరు ఫెస్టివల్ ఆఫ్ ఫెస్టివల్స్. వేరే దేశాల ఫెస్టివల్స్‌లో మంచి పేరు తెచ్చుకున్న సినిమాలు పట్టుకొచ్చి ఈ ఊరి జనానికి చూపించడమే అప్పట్లో దాని పని. ఇప్పుడు ఎంత హంగామా పెరిగినా ఆ పద్ధతి పోలేదు. కాన్ ఫెస్టివల్‌లో సినిమా పరిశ్రమవాళ్ళదీ పత్రికలవాళ్ళదీ హడావుడి, ఇక్కడ మాత్రం హాల్లో నీ పక్కన కూర్చునేది రిటైరైన టీచరో, సెలవు పెట్టొచ్చిన నర్సో అయి ఉంటుంది. పేరున్న బహుమతి కూడా జ్యూరీ ఇచ్చేది కాదు, పీపుల్స్ చాయిస్ అని ప్రేక్షకుల ఓట్లతో వచ్చేది. 2008లో స్లమ్‌డాగ్ మిలియనీర్‌ని ఈ జనమే నెత్తిన పెట్టుకున్నారు, ఆస్కార్ తర్వాతి ఏడు వచ్చింది. కాబట్టి చూసిన ప్రతి సినిమాకీ, నచ్చితే, ఓటు వెయ్యి. బద్ధకించకు.

ఇక అసలు సంగతి, ఏం చూడాలి. మొదటిసారి వెళ్ళేవాళ్ళందరూ చేసేది ఒకటే, లిస్టు తెరిచి తెలిసిన పేర్లన్నీ టిక్కు పెట్టుకోవడం. నువ్వు దానికి సరిగ్గా ఎదురు చెయ్యి. ఒక సినిమా నచ్చిందనుకో, అది మామూలు థియేటర్లలోకి ఎప్పుడు వస్తుందో నెట్‌లో వెతుకు. అక్టోబర్‌లోనో నవంబర్‌లోనో రిలీజని డేట్ ఉంటే వదిలెయ్, అప్పుడు మీ ఇంటి దగ్గరే సగం డబ్బుకి చూడొచ్చు. ఏ డేటూ లేనివి ఉంటాయి చూడు, ఎక్కడో చిన్న దేశం నుంచి ఎవరో కుర్రాడు తీసిన మొదటి సినిమా, మళ్ళీ ఏ తెర మీదకి వస్తుందో ఎవరికీ తెలీదు, ఫెస్టివల్ ఉన్నది వాటి కోసం. డిస్కవరీ అని ఒక విభాగం ఉంటుంది, మొదటి రెండో సినిమాలు తీసేవాళ్ళవి, నీ లిస్టు అక్కడ మొదలుపెట్టు. వేవ్‌లెంగ్త్స్ అనేది ప్రయోగాలది. ఒకటి చూడు, నచ్చకపోతే మళ్ళీ ఆ వైపు పోకు, కథే లేదని నాకు ఫోన్ చేసి ఏడవకు.

పెద్ద సినిమా ఏదైనా చూసి తీరాల్సిందే అనిపిస్తే ఒక కిటుకు ఉంది. స్టార్లు వచ్చే మొదటి షో ప్రీమియం రేటు. అదే సినిమాని తర్వాతి రోజుల్లో ఇంకోసారో రెండుసార్లో మామూలు రేటుకి వేస్తారు, అదీ చాలాసార్లు పొద్దున్నే. ఆ పొద్దుటి షోకి పో. హీరో ఉండడు, కానీ డైరెక్టర్ ఊళ్ళోనే ఉంటే అప్పుడప్పుడు దానిక్కూడా వచ్చి ప్రశ్నలకి జవాబులు చెబుతాడు. పైగా మొదటి షోలు పడే హాళ్ళలో కొన్ని సినిమా కోసం కట్టినవే కావు. రాయ్ థామ్సన్ హాల్ సంగీత కచేరీలది, రెండున్నర వేలమంది పైగా పడతారు, పై బాల్కనీలో కూర్చుంటే తెర కంటే ఎదుటివాళ్ళ తలకాయలే ఎక్కువ కనిపిస్తాయి. ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్, రాయల్ అలెగ్జాండ్రా నాటకాల థియేటర్లు, రాయల్ అలెగ్జాండ్రా అయితే 1907 నాటిది, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది గానీ కాళ్ళు పొడుగున్నవాళ్ళకి నరకం. బొమ్మా సౌండూ బాగా కావాలంటే కింగ్, జాన్ వీధుల మూల మీద ఉన్న లైట్‌బాక్స్‌లో చూడు. అది ఫెస్టివల్ సొంత ఇల్లు, 2010లో తెరిచారు, ఏడాది పొడుగునా అందులో సినిమాలు నడుస్తూనే ఉంటాయి. సెప్టెంబర్ దాకా ఎందుకు, వచ్చే శనివారమే ఒకసారి వెళ్ళి సీట్లు ఎలా ఉన్నాయో చూసిరా.

స్టార్లని చూడాలన్న సరదా ఉంటే దాచుకోనక్కర్లేదు, నాకూ ఉండేది. మొదటి వారాంతంలో కింగ్ స్ట్రీట్ మీద కార్లు ఆపేసి రోడ్డంతా జనానికి వదిలేస్తారు. సెయింట్ ఆండ్రూ స్టేషన్‌లో దిగితే రెండడుగులే. ఆ బారికేడ్ దగ్గర నిలబడ్డానికి పైసా ఖర్చు లేదు. ఒక సాయంత్రం నిలబడు, ఫోటోలు తీసి మీ అమ్మకి పంపు, ఆ ముచ్చట అక్కడితో సరి. ఆ రోజుల్లో 504 స్ట్రీట్‌కార్, అంటే అక్కడ తిరిగే ట్రామ్, దారి మళ్ళిస్తారు, దాని కోసం స్టాపులో ఎదురుచూస్తూ కూర్చోకు.

రోజుకి రెండు సినిమాలు చాలు. మూడోది చూసేవాళ్ళు ఉన్నారు, ఐదు చూసేవాళ్ళూ ఉన్నారు, మర్నాడు అడిగితే ఏ సినిమాలో ఎవరు చచ్చిపోయారో చెప్పలేరు. రెండింటి మధ్య గంటన్నర అయినా ఖాళీ పెట్టుకో, ఎందుకంటే సినిమా అయ్యాక డైరెక్టర్ మాట్లాడటం మొదలుపెడితే అరగంట ఇట్టే పోతుంది, ఆ అరగంట కోసమే కదా మనం ఇంట్లో చూడకుండా ఇంత దూరం వచ్చింది, తర్వాతి సినిమాకి టైమైపోతోందని మధ్యలో లేచి పోవాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. టికెట్ చేతిలో ఉంది కదా అని ఆఖరి నిమిషంలో కూడా వెళ్ళకు. కనీసం 15 నిమిషాల ముందు లోపలుండాలి, లేకపోతే నీ సీటు రష్ లైన్‌లోవాళ్ళకి పోవచ్చు.

రష్ లైన్ అంటే టికెట్లు అయిపోయిన సినిమాకి బయట కట్టే ఇంకో క్యూ. మిగిలిపోయిన సీట్లు షోకి కాస్త ముందు వీళ్ళకి అమ్ముతారు. "సోల్డ్ అవుట్" అని చూసి నీరుగారిపోకు. శుక్ర శనివారం రాత్రుళ్ళు కష్టమే, మంగళ బుధవారాల్లో మధ్యాహ్నం ఆటలకి ఒక గంట, గంటన్నర ముందు నిలబడితే దొరికే అవకాశం బాగానే ఉంటుంది. సెప్టెంబరే కదా అని పల్చటి చొక్కాతో పోకు, సరస్సు మీద నుంచి సాయంత్రం గాలి చల్లగా కొడుతుంది. బ్యాగులో నీళ్ళు, రెండు అరటిపళ్ళు, ఒక జాకెట్, ఫోన్ చార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ. ఇంకోటి, క్యూలో ఫోన్ లోపల పెట్టు. ముందున్నవాళ్ళని "ఇప్పటిదాకా ఏది బాగుంది?" అని అడుగు చాలు, ఈ ఊళ్ళో లిఫ్ట్‌లో పలకరిస్తే కూడా ఇబ్బందిపడే మనుషులు ఆ క్యూలో గంటసేపు మాట్లాడతారు. రివ్యూల కంటే ముందు, రివ్యూల కంటే నిజాయితీగా కబురు తెలిసేది అక్కడే. నువ్వు అనుకున్న లిస్టులో రెండు మూడు ఖాళీలు వదులుకోమనేది అందుకే, క్యూలో విన్న సినిమాకి చోటుండాలి కదా.

మొదటి నాలుగైదు రోజులు అయ్యాక స్టార్లూ పత్రికలవాళ్ళూ సూట్‌కేసులు సర్దుకుని పోతారు. అసలు ఫెస్టివల్ నాకు అప్పుడే మొదలైనట్టుంటుంది. టికెట్లు సులువు, హాళ్ళు ప్రశాంతం. నీకున్న సెలవు రెండే రోజులైతే ఆ రెండో వారంలో పెట్టుకో.

మిడ్‌నైట్ మ్యాడ్‌నెస్ అని అర్ధరాత్రి ఆట ఒకటుంటుంది, భయపెట్టేవీ పిచ్చిపిచ్చివీ వేస్తారు. సినిమా ఎలా ఉన్నా జనం కోసం ఒక్కసారి వెళ్ళాలి, అరుపులూ చప్పట్లూ మామూలుగా ఉండవు. ఫెస్టివల్‌లో ఏ ఆటకి పోయినా మొదట్లో పైరసీ చెయ్యొద్దని తెర మీద హెచ్చరిక పడగానే జనం సముద్రపు దొంగల్లా "ఆర్ర్ర్" అంటారు, కంగారుపడకు, అదిక్కడ ఆనవాయితీ, నువ్వూ అను. కానీ ఇంటికి ఎలా పోతావో ముందే ఆలోచించుకో. సబ్‌వే రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో ఆగిపోతుంది, ఆ తర్వాత 300 నంబర్లతో మొదలయ్యే నైట్ బస్సులూ స్ట్రీట్‌కార్లే, అవి బ్రాంప్టన్‌దాకా రావు. బ్రాంప్టన్‌కి ఆఖరి గో సర్వీసు (చుట్టుపక్కల ఊళ్ళకి పోయే రైళ్ళూ బస్సులూ) ఎప్పుడో చూసుకో, అందదనుకుంటే మా ఇంటికి వచ్చెయ్, తాళం చెవి ఎక్కడుంటుందో నీకు తెలుసు. అన్నట్టు 2024 నుంచి గో దిగి టీటీసీ, అంటే టొరంటో సిటీ బస్సో సబ్‌వేనో స్ట్రీట్‌కారో, ఎక్కితే మళ్ళీ చార్జీ పడదు, అదే కార్డు తాకించు. టీటీసీలో ఒకసారి తాకిస్తే రెండు గంటలదాకా ఎక్కొచ్చు దిగొచ్చు.

సరే, టిఫ్ ఒక్కటే కాదు, దానికింకా నాలుగు నెలలుంది. ఈ నెలాఖరు శనాదివారాలు ఖాళీ పెట్టుకో, డోర్స్ ఓపెన్. 2000లో మొదలైంది, మామూలుగా మనల్ని గుమ్మం తొక్కనివ్వని భవనాలన్నీ ఆ రెండు రోజులు ఉచితంగా తెరుస్తారు. నువ్వు సివిల్ ఇంజనీర్‌వి, ఊళ్ళో ఇన్ని సందళ్ళున్నా నీకోసమే పెట్టారా అనిపించేది ఇదే. క్వీన్ స్ట్రీట్ తూర్పు కొసన సరస్సు ఒడ్డున ఆర్.సి. హ్యారిస్ అని నీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్ ఉంది, 1941లో తెరిచారు, లోపల పాలరాయి, ఇత్తడి, ఎత్తైన కిటికీలు, రాజభవనంలో ఫిల్టర్ బెడ్లు పెట్టినట్టుంటుంది. ఇప్పటికీ ఊరికి అక్కణ్ణుంచి నీళ్ళు వెళ్తున్నాయి. 501 స్ట్రీట్‌కార్ ఎక్కి ఆఖరి స్టాపు నెవిల్ పార్క్‌లో దిగాలి. ఏ ఏడాది ఏ భవనం తెరుస్తారో మారుతుంటుంది, ఈసారి లిస్టులో అదుందో లేదో సిటీ వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరు. పది భవనాలు చుట్టేద్దామనుకోకు. రోజుకి రెండు, అదీ పొద్దున్నే, మధ్యాహ్నానికి పేరున్నవాటి ముందు క్యూ వీధి చివరిదాకా ఉంటుంది. అక్కడ వలంటీర్లుగా నిలబడేవాళ్ళలో ఆ భవనంలోనే పనిచేసేవాళ్ళు ఉంటారు, పైపుల గురించి ఒక్క ప్రశ్న వేశావంటే వదలరు.

ఆగస్టు మొదటి సోమవారం సెలవు కదా, దానికి ముందు శనివారం కరీబియన్ కార్నివాల్ ఊరేగింపు. పాతవాళ్ళం ఇప్పటికీ కరిబానా అనే అంటాం. 1967లో కెనడాకి నూరేళ్ళు నిండినప్పుడు ఇక్కడి కరీబియన్ జనం ఊరికిచ్చిన కానుక అది. ఈకల వేషాలూ ఆ పాటలూ ఎలా ఉంటాయో నేను రాస్తే ఏం బాగుంటుంది, వెళ్ళి చూడు. ఒక్కటి గుర్తుంచుకో, ఆ ఊరేగింపు టైము ప్రకారం నడవదు. గంటసేపు ఏమీ రాదు, తర్వాత ఒకేసారి అన్నీ వస్తాయి. ఎండ, దాహం, నిలబడటం, వీటికి సిద్ధపడి లేక్‌షోర్ రోడ్డు పక్కన నీడ దొరికే చోటు పొద్దున్నే పట్టుకో. ఒంటరిగా పోకు, నలుగురితో వెళ్తేనే ఆ మధ్య గంటలు గడుస్తాయి.

ఆగస్టు మూడో వారం నుంచి సీఎన్ఈ, అంటే కెనడియన్ నేషనల్ ఎగ్జిబిషన్, అందరూ ఎక్స్ అంటారు, 1879 నుంచి నడుస్తోంది. యూనియన్ స్టేషన్ నుంచి గో ట్రైన్లో ఒక్క స్టేషన్. నిజం చెప్పనా, నాకు అంత ఇష్టం లేదు, గోలా నూనె వాసనా. పిల్లలున్న స్నేహితులతో అయితే బాగుంటుంది. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) వారాంతంలో జరిగే విమానాల విన్యాసాలు మాత్రం చూడు, దానికి లోపలికి పోనక్కర్లేదు, సరస్సు ఒడ్డున ఎక్కడ కూర్చున్నా కనిపిస్తాయి. ఎక్స్ సోమవారంతో అయిపోతుంది, టిఫ్ సాధారణంగా ఆ గురువారమే మొదలు, మధ్యలో రెండు రోజులు నిద్రపో.

అక్టోబర్ మొదట్లో న్యూయిట్ బ్లాంష్, శనివారం సాయంత్రం ఏడు నుంచి ఆదివారం పొద్దున ఏడుదాకా వీధుల్లో కళాప్రదర్శనలు. 2006 నుంచి చేస్తున్నారు. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంటదాకా జనం తొక్కిసలాట తప్ప ఏమీ కనపడదు. మా ఇంట్లో పెందలాడే పడుకో, మూడున్నరకి లేపుతాను, ఇద్దరం కలిసి పోదాం. సగం నాకు అర్థం కావు, కొన్ని చెత్తగా ఉంటాయి, అయినా ఆ వేళప్పుడు ఊరు నడిచి చూడ్డానికి వేరే సాకు దొరకదు. హాట్ డాక్స్ అని డాక్యుమెంటరీల ఫెస్టివల్ ఏప్రిల్ చివర్లో మొదలవుతుంది, ఈ ఏడాదికి అయిపోయింది. నవంబర్‌లో రీల్ ఏషియన్ అని ఆసియావాళ్ళ సినిమాల ఫెస్టివల్ ఉంది, చిన్నది, డైరెక్టర్లు లాబీలో మన పక్కనే నిలబడి కాఫీ తాగుతుంటారు, టిఫ్ హడావుడికి నీకు విసుగొస్తే అది నచ్చుతుంది.

ప్రస్తుతానికి నువ్వు చెయ్యాల్సింది రెండు పనులు. టికెట్ల సైట్‌లో ఇప్పుడే అకౌంట్ తెరిచి కార్డు వివరాలు ఎక్కించి పెట్టు, అమ్మకం రోజు పాస్‌వర్డ్ వెతుక్కుంటూ టెన్షన్ పడకుండా. సభ్యత్వం ఉన్నవాళ్ళకి ముందు అమ్ముతారు, మనకి తర్వాత, అందుకని ప్రతి సినిమాకీ ఇంకో రోజు ఆట కూడా రాసుకో. రెండోది, ఆగస్టులో షెడ్యూల్ రాగానే నీ లిస్టు నాకు పంపు. ఎనిమిదికి మించి ఉన్నాయంటే మిగతావి నేనే కొట్టేస్తాను, పిన్ని సిఫార్సు కూడా పనిచెయ్యదు.

ఇట్లు
బాబాయి