టేపులు సిస్టంల ఎక్కిస్తనంటున్న మేనకోడలికి

బిడ్డా,

మీ అమ్మ, మా అక్క, నిన్న రాత్రి ఫోన్ల చెప్పింది. అటుక మీది డబ్బా దింపినవట, మీ నాయిన టేపులన్నీ కంప్యూటర్‌ల ఎక్కిస్తనని కూసున్నవట. తెల్లారేదాక నిద్ర పట్టలేదు నాకు. సంబురం ఎంతున్నదో బుగులు గూడ అంతే ఉన్నది. ఏడేండ్ల పిల్లవు, పెండ్లిళ్లల్ల మీ నాయిన ఎనుక సన్‌గన్ లైటు వైరు సుట్టుకుంట తిరిగినవు. ఆ టేపులు నీ చేతికి కాక ఇంకెవరి చేతికి రావాలె? కానీ ఈ ఉత్తరం మొత్తం చదివినంకనే కెమెరల టేపు పెట్టు.

ముందు ప్రతి టేపు అంచుకు ఉండే చిన్న నాబ్‌ను ‘సేవ్’ దిక్కు జరుపు. నలభై టేపులకూ జరుపు. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా కెమెరా ఒప్పుకోదు.

స్టిక్కర్లు పీకకు. మీ నాయిన చేతిరాత అది. ఫోన్ల ఫోటో తీసి పెట్టుకో.

టేపు అద్దంల నుంచి చూడు. రీలు మీద తెల్లటి పొడి లెక్క కనబడితే అది బూజు. దాన్ని పక్కన పెట్టు. బూజు టేపు ఒక్కటి నడిపినా కెమెరల టేపును చదివే హెడ్ ఖరాబై, దాని తర్వాత పెట్టిన మంచి టేపులు గూడ చెడుతయి. మన హన్మకొండ ముసుర్ల అటుక మీద ఇన్నేండ్లు ఉన్నయి కాబట్టి చెప్తున్న. మంచిగున్న టేపును ఒకసారి చివరిదాక ముందుకు తిప్పి, మళ్ల ఎనుకకు తిప్పి, అప్పుడు నడుపు. అంటుకున్న రీలు వదులైతది.

వైరు సంగతి. ఈ కెమెరా నుంచి బొమ్మను కంప్యూటర్‌కు పంపేది ఫైర్‌వైర్ అనే వైరు. నీ ల్యాప్‌టాప్‌కు దాని పోర్ట్ ఉండదు. ఒక దిక్కు యూఎస్‌బీ, ఇంకో దిక్కు ఫైర్‌వైర్ ఉన్న వైరు దొరుకుతది, కొనకు, అది పని చెయ్యదు. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల డబ్బా గూడ వద్దు. దాంట్ల నుంచి హెచ్‌డీ రాదు. నా షాపు నాటి డెస్క్‌టాప్‌ల ఫైర్‌వైర్ కార్డు ఇంక ఉన్నది, అదే తెస్త. వైరు పెట్టేటప్పుడు కెమెరా, సిస్టం రెండూ బందు జేసి పెట్టాలె. ఆరు పిన్నులది తిరగేసి గుచ్చితే పోర్ట్ కాలిపోతది.

ఇగ అసలు మాట. మీ అమ్మకు గూడ ఇది పూర్తిగ తెల్వదు.

2008ల సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడ మీ అమ్మమ్మ పాట ఎత్తుకున్నది. చుట్టూ నూరుమంది ఆడోళ్లు, నడుమ తంగేడు, గునుగు పువ్వుల బతుకమ్మలు. ఆమె గొంతు వినాలెనని అవుతల గుంపోళ్లు గూడ ఇటు వచ్చిన్రు. మీ నాయిన ఏడాది కిందనే కొన్న సోనీ హెచ్‌డీవీ (టేపు మీదనే హెచ్‌డీ బొమ్మ తీసేది) కెమెరతోని గంట టేపు మొత్తం తీసిండు. టేపు నా చేతుల పెట్టి, “బామ్మర్దీ, ఇది పైలం” అన్నడు.

అప్పుడు మిక్సింగ్ అంతా నా పని. మా సిస్టం హెచ్‌డీ మోయకపోయేది, పెండ్లోళ్లకు డీవీడీ ఇస్తే చాలు. అందుకని కెమెరా మెనూల ఐ-లింక్ (ఫైర్‌వైర్‌కే సోనీ పెట్టిన పేరు) కన్వర్షన్ అనేది ఎప్పుడూ ఆన్ జేసే ఉంచేటోన్ని. అది ఆన్ ఉంటే, టేపు మీద 1440×1080ల ఉన్న బొమ్మను కెమెరానే కుదించి 720×576 జేసి వైర్ల పంపుతది. దాదాపు నాలుగో వంతే మిగుల్తది. అమ్మ టేపు గూడ అట్లనే ఎక్కించిన. ట్యూబు టీవీల చూస్తే బాగనే ఉన్నది. ఎక్కింది కదా అనుకున్న. మాఘమాసం ముహూర్తాలల్ల టేపులు తక్కువ పడ్డయి, దాని మీద ఎవరిదో పెండ్లి తీసిన్రు. టేపు తీసి ఇచ్చింది నేనే.

ఆ ఉగాదికే అమ్మ పోయింది. కొన్నేండ్లకు ఇంట్లకు పెద్ద ఎల్‌ఈడీ టీవీ వచ్చింది. ఆ డీవీడీ పెట్టిన. గొంతు ఉన్నది. మొఖం మసక మసకగ ఉన్నది. ఆమె ముక్కుపుడక ఎర్రరాయి కనబడదు, నవ్వితే కండ్ల కాడ పడే గీతలు కనబడయి. మీ నాయిన పక్కనే కూసోని చూసిండు, ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండు బిడ్డా.

అందుకే, మెనూల ఆ కన్వర్షన్ ఆఫ్ ఉన్నదా అని రెండు సార్లు చూడు. మొదటి టేపు ఐదు నిమిషాలు ఎక్కించి ఆపు. ఫైల్ల బొమ్మ సైజు 1440×1080 చూపెడుతున్నదా? 720×576 అని ఉంటే అక్కడనే ఆగి నాకు ఫోన్ చెయ్యి.

హెచ్‌డీవీ స్ప్లిట్ అనే సాఫ్ట్‌వేర్ పైసలు లేకుండనే దొరుకుతది. టేపు మీద ఉన్నది ఉన్నట్టే ఎం2టీ ఫైల్ల దించుతది. దాన్ని మార్చకు, చిన్నగ చెయ్యకు. ఫోన్ల చూసుకునేందుకు కావాలంటే వేరే కాపీ చేసుకో. గంట టేపుకు గంటే పడుతది, 11 జీబీ దాక అయితది. డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌ల ఉండాలె, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

టేపు నడుస్తుంటే లేచి పోకు. పాత డీవీ టేపుల ఒక్కో ఫ్రేము దేనికదే. హెచ్‌డీవీల డజను ఫ్రేములు ఒకదాన్ని ఒకటి పట్టుకొని ఉంటయి, ఒక్క గీత పడినా అర సెకను బొమ్మ గడ్డకడుతది. అట్లయితే ఎనుకకు తిప్పి మళ్ల తీసుకో, రెండో సారి మంచిగ రావచ్చు. రాకపోతే క్లీనింగ్ క్యాసెట్ పది సెకన్లు, అంతకంటె ఎక్కువ వద్దు.

రెండు డిస్కులల్ల పెట్టు, ఒకటి నీ కాడ, ఒకటి అక్క కాడ. ఎక్కినంక గూడ టేపులు పారెయ్యకు. ఎవరడిగినా ఇయ్యకు, నేనడిగినా సరే.

ఒక్కదానివే రాత్రుళ్లు కూసోకు తల్లీ. నలభై గంటలు నాయిన గొంతు వినాల్సి వస్తది. కెమెరా ఎనుక నుంచి “ఇటు చూడుండ్రి” అంటనే ఉంటడు. అక్కను పక్కన కూసుండబెట్టుకో, తిని కూసోండ్రి.

ఆదివారం జమ్మికుంట నుంచి పొద్దటి బండికి వస్త, కాజీపేటల దిగుత. సిస్టం బరువున్నది, స్టేషన్‌కు ఎవరినన్న పంపు.

మీ మామ