ఐదో సెమిస్టరు భయానికి కోడింగ్ మందు కాదు

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి ఇక్కడే బీఫార్మసీ మూడో ఏడాది. గుండె మందుల పాఠాలు మొదలైనప్పటి నుంచి పేర్లు గుర్తుండటం లేదని, మానేసి కోడింగ్ నేర్చుకుంటానని అంటోంది. చివరికి మందుల షాపేగా అని మా వారు కూడా వంత పాడుతున్నారు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్న ఆయనకేమో సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి, ఉప్పు తగ్గించినా తగ్గలేదు. ఇన్ని చికాకుల్లో ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, చదువు మాన్పించకండి. ఈ పాఠాన్ని పేర్ల పట్టికలా బట్టీ పడితే ఎవరికైనా తల తిరుగుతుంది. మందులకూ ఇంటిపేర్లుంటాయి, కాకపోతే మనకు ముందుండేది వాటికి చివర ఉంటుంది. ‘ఓలాల్’ అంటే గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్, ‘ప్రిల్’ అంటే రక్తనాళాలను బిగించే పదార్థం తయారవకుండా చూసే ఏసీఈ నిరోధకం, ‘డిపిన్’ అంటే రక్తనాళాల గోడల్లోని కండర కణాల్లోకి కాల్షియం చొరబడకుండా ఆపేది.

మీ వారి పాదాల సంగతే చూడండి. ఆమ్లోడిపిన్ రక్తం తెచ్చే సన్నని ధమనులను బాగా వదులు చేస్తుంది, తిరిగి తీసుకుపోయే సిరలను అంతగా చేయదు. వచ్చేది పెరిగి పోయేది పెరగకపోతే కేశనాళికల్లో ఒత్తిడి హెచ్చి నీరు బయటికి ఊరుతుంది. అందుకే ఈ రకం వాపు ఉప్పు తగ్గించినా పెద్దగా లొంగదు. సిరలను కూడా వదులు చేసే టెల్మిసార్టాన్ లాంటి మరో బీపీ మందు తోడైతే తరచు తగ్గుతుంది. వాపుకు వేరే కారణాలూ ఉంటాయి కనుక మాత్ర సొంతంగా ఆపకుండా డాక్టరుకు చూపించండి.

ఇలా ‘ఎందుకు’ అని తవ్వడమే ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల దుష్ప్రభావాలపై నిఘా పెట్టే ఉద్యోగం. మందు ఎప్పుడు మొదలైంది, వాపు ఎప్పుడు వచ్చింది, ఆపితే తగ్గిందా అని ఆరా తీసి, తప్పు మందుదా జబ్బుదా అని తేల్చాలి. బెంగళూరులో ఈ పని చేసే సంస్థలున్నాయి, బీఫార్మసీతోనే చేరవచ్చు. దాచడం దేనికి, మొదట్లో ఎక్కువగా కేసులు కంప్యూటర్లోకి ఎక్కించే పనే. జీతాన్ని పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయితో పోల్చకండి.

పరిశోధన ఇష్టమైతే జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎంఫార్మసీ, అందులో మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీ. వార్డుల్లో తిరగాలనుంటే బీఫార్మసీ మీద మూడేళ్ల ఫార్మ్‌డీ, అంటే ఆసుపత్రిలో రోగుల మందుల వాడకాన్ని చూసుకునే చదువు. దీనికి మాత్రం నేను తొందరగా సరే అనను. ఆ కాలేజీ పిల్లలను నిజంగా రోగుల దగ్గరికి పంపుతున్నారో లేదో సీనియర్లను అడిగాకే చేరాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫారిన్‌కు, ఆకుకూరల్లో ఎక్కువగా ఉండే విటమిన్ కె విరుగుడని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. సీమ నుంచి గుండె చూపించుకోవడానికి ఇక్కడికి వచ్చిన పెద్దావిడకు అదే సంగతి తెలుగులో చెప్పాలి: “తోటకూర మానక్కర్లేదమ్మా. ఒక వారం రోజూ తిని, మరో వారం ముట్టకుండా ఉండకు, అంతే.”

కోడింగ్ కావాలంటే సెలవుల్లో నేర్చుకోనివ్వండి. ఈ ఆదివారం మాత్రం, నా జవాబు చూపించకుండా, మాత్రల అట్ట ఆమె చేతికిచ్చి నాన్న కాళ్లు ఎందుకు వాస్తున్నాయో చెప్పమనండి. తనంతట తాను పుస్తకం తెరిచిందో లేదో నాకు రాయండి.