ఎదురుగా ఏదైనా అడ్డొస్తే కంగారులో క్లచ్, బ్రేక్ ఒకేసారి తొక్కేస్తున్నాను. ఈ అలవాటు ఎలా పోతుంది?

మీ ప్రశ్న చదవగానే నేను నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. గుంత కనబడినా, మనిషి అడ్డొచ్చినా నాకూ రెండు కాళ్లూ ఒక్కసారే దిగిపోయేవి. కారు ఆగేది, కానీ వెనకాల వచ్చేవాళ్లు దాదాపు గుద్దేంత దగ్గరికి వచ్చేసేవారు.

నన్ను మార్చింది ఒక సాయంత్రం. పక్క సీట్లో నేర్పించే ఆయన ఉన్నారు. రోడ్డు వారగా ఒక వ్యాన్ ఆగి ఉంది. నాకు వ్యాన్ తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆయన మెల్లగా "యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యండి, వ్యాన్ కింద చూడండి" అన్నారు. టైర్ల మధ్య సందులోంచి రెండు చిన్న చెప్పులు కదులుతూ కనబడ్డాయి. మేం దగ్గరికి వచ్చేసరికి ఓ పిల్లాడు వ్యాన్ ముందు నుంచి రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే వేగం తగ్గింది కాబట్టి మామూలు బ్రేక్‌కే కారు ఆగింది. ఆ చెప్పులు నేనింకా మర్చిపోలేదు.

అందుకే చెబుతున్నాను, బ్రేక్ ఎలా తొక్కాలన్నది తర్వాతి మాట. ప్రమాదం కనబడ్డాక కాదు, అనుమానం రాగానే కాలు తీసి బ్రేక్ మీద ఊరికే ఆనించండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. 40లో అయితే 11. మనం చూసి, తేరుకుని, కాలు మార్చేలోపే ఆ దూరం అయిపోతుంది. పైగా వేగం రెట్టింపైతే బ్రేక్ పడ్డాక ఆగడానికి పట్టే దూరం సుమారు నాలుగింతలవుతుంది.

దేన్ని అనుమానించాలంటారా? ఆగి ఉన్న బస్సు ముందు భాగం. దొర్లుకుంటూ వచ్చిన బంతి, దాని వెనకే పిల్లలుంటారు. పక్కన ఆగిన కారులో డ్రైవర్ సీట్లో మనిషి ఉంటే ఏ క్షణమైనా తలుపు తెరుచుకోవచ్చు. మీ ముందు బండినే చూడకండి, దాని ముందున్న బండి బ్రేక్ లైట్లు కూడా చూడండి.

ఇక క్లచ్. ముందే తొక్కేస్తే ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోయి, వేగం తగ్గించడంలో ఇంజన్ చేసే సాయం పోతుంది. కారు ఆగబోతుండగా తొక్కితే చాలు. నిజంగా ప్రాణం మీదికొస్తే ఇంజన్ ఆగిపోతుందేమోనని ఆలోచించకండి, బ్రేక్ గట్టిగా తొక్కండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో అప్పుడు పెడల్ కాలి కింద టకటకా అదురుతుంది. అది పాడైందని భయపడి కాలు తీయొద్దు.

గుంతల దగ్గర నేను చేసిన తప్పు, గుంతలో దిగేటప్పుడు కూడా బ్రేక్ తొక్కే ఉంచడం. బరువంతా ముందుకు ఒరిగి స్ప్రింగులు అప్పటికే నొక్కుకుపోతాయి, దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ముందే తగ్గించి, దిగేటప్పుడు బ్రేక్ వదిలేయండి. తప్పించాలనుకుంటే అద్దంలో వెనక చూశాకే. అప్పుడు కూడా గుంతనే చూస్తూ ఉంటే చెయ్యి అటే పోతుంది. మీరు వెళ్లాల్సిన ఖాళీ వైపు చూడండి.

ఇంకెవరైనా నడుపుతుంటే మీరు పక్కన కూర్చుని, ఎక్కడ కాలు తీయాలో మనసులో "ఇప్పుడు" అనుకుంటూ ఉండండి. నాకు రెండు వారాల్లో కంగారు తగ్గింది.