ప్రోగ్రామ్‌ను ఏ షెల్ నడిపిందో పేరెంట్ ప్రాసెస్‌ను బట్టి కనుక్కోవడం

లినక్స్‌లో మీ ప్రోగ్రామ్‌ను ఏ షెల్ (మనం టైపు చేసే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) నుంచి నడిపారో లోపలి నుంచే ఎలా తెలుసుకోవాలని అడిగారు. ఫిష్ అనే షెల్‌లో ఉన్నా SHELL అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మరో షెల్ అయిన బాష్ పేరే చూపిస్తోందని కూడా రాశారు. ఆ వేరియబుల్ చెప్పేది మీ లాగిన్ షెల్ పేరు మాత్రమే. లాగిన్ అయిన తర్వాత మీరు బాష్ లోపల ఫిష్ తెరిచినా, సాధారణంగా దాన్ని ఎవరూ మార్చరు.

నేనూ అక్కడే దెబ్బతిన్నాను. షెల్‌కు తగినట్టు ఫంక్షన్లు రాసిచ్చే చిన్న టూల్ ఒకటి చేశాను; ఫిష్ వాడే సహోద్యోగికి అది బాష్ వ్యాకరణంలో రాసిచ్చింది. సరే, పేరెంట్ ప్రాసెస్ (మన ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టిన ప్రాసెస్) ఏ ప్రోగ్రామో చూద్దామని మార్చాను. ఈసారి ఉబుంటులో అందరికీ డ్యాష్ అనే వచ్చింది. ఎందుకంటే టూల్‌ను నడిపేది నేనే రాసిన ఒక చిన్న ఎస్‌హెచ్ స్క్రిప్టు, ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే చిన్న షెల్లే.

కాబట్టి ఒక్క మెట్టు ఎక్కితే సరిపోదు. ప్రాక్ డైరెక్టరీలో (/proc) ప్రతి ప్రాసెస్‌కూ ఉండే స్టాట్ ఫైలులో నాలుగో అంశం పేరెంట్ పిఐడి, అంటే పేరెంట్ ప్రాసెస్ నంబరు. దాన్ని పట్టుకుని పైకి వెళ్తూ, షెల్ కనిపించినప్పుడల్లా దాని కమాండ్‌లైన్ కూడా చదవాలి (అందులో ఆర్గ్యుమెంట్ల మధ్య ఖాళీ కాక సున్నా బైటు ఉంటుంది). షెల్ పేరు తర్వాత స్క్రిప్టు ఫైలు పేరు ఉంటే అది మధ్యవర్తి, దాన్ని దాటేయాలి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. స్టాట్ ఫైలులో రెండో అంశం బ్రాకెట్లలో ఉండే ప్రాసెస్ పేరు, అందులో ఖాళీలు ఉండవచ్చు. నేను మొదట పేరెంట్ల గొలుసంతా పైదాకా సేకరించేవాణ్ణి, స్టాట్ ఫైలులోని వరుసను ఖాళీల దగ్గర విడగొట్టేవాణ్ణి. ఒకే టెర్మినల్‌లో అనేక సెషన్లు నడిపించే టీమక్స్ అనే టూల్ సర్వర్ తన పేరును ‘టీమక్స్: సర్వర్’ అని రెండు మాటలుగా పెట్టుకుంటుంది, దాంతో అంశాలు ఒకటి జరిగి, పేరెంట్ పిఐడి ఉండాల్సిన చోట ప్రాసెస్ స్థితిని తెలిపే ‘ఎస్’ అక్షరం వచ్చి, టూల్ కూలిపోయింది. చివరి మూసే బ్రాకెట్‌ను వెతికి, దాని తర్వాతి నుంచి లెక్కపెట్టండి.

పేరు కన్నా ప్రాక్‌లోనే ఉండే ఎగ్జీ లింకును (ప్రాసెస్ నడుపుతున్న ప్రోగ్రామ్ ఫైలును చూపేది) నమ్మడం మేలు, ఎందుకంటే పేరు 15 బైట్ల దగ్గర తెగిపోతుంది, ప్రాసెస్ దాన్ని తానే మార్చుకోగలదు కూడా. అయితే మధ్యలో సుడో ద్వారా రూట్ కాని మరో వాడుకరిగా మారి ఉంటే ఆ లింకు చదవడానికి అనుమతి రాదు. ఆల్పైన్ లినక్స్‌లోనైతే షెల్ సైతం బిజీబాక్స్ (అనేక కమాండ్లు ఒకే ఫైలులో ఉండే ప్రోగ్రామ్) అనే కనిపిస్తుంది. లాగిన్ షెల్ కమాండ్‌లైన్‌లో పేరు ముందు చిన్న గీత ఉంటుంది, పోల్చే ముందు దాన్ని తీసేయండి.

పేరెంట్ ముందే ముగిసిపోతే గొలుసు 1వ నంబరు ప్రాసెస్‌కో, మీ యూజర్ సిస్టమ్‌డీకో (మీ లాగిన్ సేవలను నడిపే ప్రాసెస్) అతుక్కుంటుంది. అప్పుడు అసలు షెల్‌ను తెలుసుకునే దారి లేదు. జాక్సైడ్ (డైరెక్టరీల మధ్య త్వరగా మారడానికి), స్టార్‌షిప్ (షెల్ ప్రాంప్ట్‌ను తీర్చిదిద్దడానికి) వంటి టూల్స్ వాటిని షెల్‌లో అమర్చే ఇనిట్ కమాండ్‌లో షెల్ పేరును వాడుకరినే ఇమ్మంటాయి. నా టూల్‌లోనూ ఇప్పుడు అదే పద్ధతి. పేరు ఇవ్వనప్పుడే పైన చెప్పిన వెతుకులాట నడుస్తుంది.