గోడ మొదలుపెట్టే ముందు చదువు

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మధురవాడ ఇంటి పెరట్లో వాలంతా నువ్వూ అల్లుడూ కలిసి చదును చేస్తున్నారట, కింది వైపు గోడ కూడా మీరే కడతారట, దీపావళి దీపాలు అక్కడే పెడతారట. చాలా సంతోషం వేసింది. మందారం కొమ్మ పాతిపెట్టి, వేరొచ్చిందో లేదో అని రోజూ పీకి చూసి మళ్ళీ పాతిన పిల్లవి నువ్వు. ఆ పిల్ల ఇప్పుడు పార పట్టిందంటే గర్వంగా ఉండదా? రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. తవ్వే ముందు నీళ్ళ పైపు, డ్రైనేజీ పైపు, బోరు మోటారు వైరు ఎటు పోతున్నాయో ముగ్గుతో గీత గీసుకో. బూట్లు వేసుకో. మిగిలిన మట్టి వీధి కాలువలో పోయకు.

లాన్ వద్దు. ఏప్రిల్, మే నెలల్లో దానికి నీళ్ళు ఎక్కడ తెస్తావు? నర్సరీవాడు చాపలాగా చుట్టి ఇచ్చే గడ్డి ఫొటోలో బాగానే ఉంటుంది. గరిక ఊరికే వస్తుంది, మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, వినాయక చవితికి కూడా పనికొస్తుంది. గన్నేరు కూడా వద్దు. ఉప్పుగాలికి తట్టుకుంటుందని అందరూ పెడతారు, నిజమే. కానీ ఆకు దగ్గర్నుంచి వేరు దాకా అంతా విషం, నీ ఇంట్లో దొరికిందల్లా నోట్లో పెట్టుకునే బుడ్డోడున్నాడు. కాగితాల పూలు పెట్టుకో. పెద్ద చెట్టు ఏదైనా సరే ఇంటికి దూరంగా వెయ్యి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో చెట్లు ఎలా పడ్డాయో నువ్వూ చూశావు కదా.

రాళ్ళు ఎత్తేటప్పుడు జాగ్రత్త. కొండ పక్క నేల అది. రాయి కింద తేలుంటుంది, ఒక్కోసారి అంతకంటే పెద్దదే ఉంటుంది. చెయ్యి దూర్చకు. పలుగుతో అవతలి అంచును లేపి, రాయిని నీవైపుకి తిప్పు. అప్పుడు కింద ఏమున్నా అటువైపే పోతుంది, నీకూ దానికీ మధ్య రాయి అడ్డు ఉంటుంది.

ఇక గోడ సంగతి.

ఆరిలోవలో మా ఇంటి వెనక కూడా మీలాంటి వాలే. మీ పెద్ద బావ పదో తరగతిలో ఉన్నప్పుడు, శ్రావణంలో లీవు పెట్టి మరీ కట్టాను. పద్దెనిమిది అడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు, రాయీ సిమెంటూ. వెనక ఎర్రమట్టి నింపి కాళ్ళతో తొక్కాం. సాయానికి వచ్చిన ముసలి మేస్త్రి ఒకటికి రెండుసార్లు చెప్పాడు: "బాబూ, నీటికి దారొగ్గాలి, కన్నాలు పెట్టండి." కన్నాలు పెడితే ఎర్రనీళ్ళు కారి సున్నం పాడైపోతుందన్నాను. పైగా, "పైపుల పని నాకు చెబుతావా?" అని కసిరాను కూడా. షిప్‌యార్డులో ఓడ ఓడంతా పైపులు బిగించినవాణ్ణి, సొంత గోడకి నాలుగు పైపు ముక్కలు పెట్టుకోలేదు.

దసరా వెళ్ళాక మూడు రోజులు ముసురు పట్టింది. రెండో రోజు సాయంత్రం చూస్తే గోడ మధ్యలో పొట్ట ఉబ్బినట్టుంది, వేలు పట్టేంత పగులు. చెయ్యి ఆనించాను. జ్వరం దిగేటప్పుడు ఒళ్ళు చెమట పట్టినట్టు, సున్నం మీదంతా చెమ్మ. లోపల ఎక్కడో చిన్న రాళ్ళు జారుతున్న చప్పుడు. అప్పుడే కింది ఇంటివాళ్ళని లేపి, అటువైపు వెళ్ళకండని చెప్పాల్సింది. నేనేం చేశానో తెలుసా? ఎవరూ చూడకముందే పగుల్లో సిమెంటు కూరి, లోపలికి వచ్చి పడుకున్నాను. పరువు, చిట్టీ. అంతకంటే ఏమీ కాదు.

తెల్లవారుజామున పడిపోయింది. మట్టీ రాళ్ళూ కలిసి కింది ఇంటివాళ్ళ బాత్రూం మీదికి వెళ్ళిపోయాయి. రేకు రెండు ముక్కలు. ఆ ఇంటావిడ బకెట్టు అక్కడ పెట్టి, పొయ్యి మీద పాలు పొంగుతాయని అప్పుడే లోపలికి వెళ్ళిందట. నేను పరుగెత్తుకెళ్ళేసరికి చేతిలో పాలగిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. బకెట్టు రేకుల కింద అప్పడంలా అణిగిపోయింది. నన్ను చూసి, "బాబూ, మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను. నా గోడ సంగతి తర్వాత, ముందు ఆవిడ బాత్రూం కట్టించాను. రెండు నెలల జీతం దానికే పోయింది. మీ అత్త ఒక గాజు కుదువ పెట్టింది. ఈ సంగతి మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు, చెప్పకు.

నీ పెరడు ఇరవై అడుగులకి ముప్ఫై ఉంటుందా? అంగుళం వాన పడితే అక్కడ పడేది సుమారు 1,400 లీటర్లు. పై నుంచి పారివచ్చేది వేరే. ఆ నీళ్ళకి దారి లేకపోతే గోడనే తోస్తాయి. మన ఎర్రమట్టి ఎండలో రాయిలా ఉంటుంది, నానితే ముద్దయిపోతుంది.

అందుకని ఒకటే పెద్ద గోడ కట్టకు. రెండడుగుల చొప్పున రెండు మెట్లుగా కట్టు, రెండింటికీ మధ్య కనీసం నాలుగడుగుల జాగా వదులు, అక్కడ మొక్కలు వేసుకోవచ్చు. మొదటి వరస రాళ్ళు నేలలోకి దిగాలి. అతుకు మీద అతుకు రాకూడదు. గోడ కొండవైపు కొంచెం ఒరిగి ఉండాలి. వెనక అడుగు మందాన కంకర నింపాకే మట్టి, అదీ కొంచెం కొంచెంగా వేసి దిమ్మిస చెయ్యాలి. నాలుగైదు అడుగులకొక కన్నం. ఆ రెండడుగుల మెట్ల కంటే ఎత్తు కావాలంటే ఇంజినీరుని పిలవండి. అల్లుడుగారు వీడియోలు చూశారని మీ అమ్మ చెప్పింది. ఆ వీడియోల్లో ముసురు పడుతుందేమో అడుగు.

దీపావళికి వద్దమ్మా. తుఫాన్ల నెలల్లో కొత్త మట్టి పోసి కూర్చోకు. ఇప్పుడు వాన పడినప్పుడు గొడుగేసుకుని పెరట్లో నిలబడి, నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూసి కాగితం మీద గీసుకో. సంక్రాంతి వెళ్ళాక తవ్వు. తొలకరికి మొక్కలు వెయ్యి. ఈ దీపావళికి దీపాలు డాబా మీద పెట్టుకోండి, కొంపలేం మునగవు.

మా రెండో గోడకి కన్నాలున్నాయి. మొదటి వానకి వాటిలోంచి ఎర్రనీళ్ళు కారుతుంటే గంటసేపు చూస్తూ నిలబడ్డాను. ఆ చారలు ఇప్పటికీ ఉన్నాయి. పండక్కి సున్నం వేయిద్దామని మీ అత్త అంటుంది, ఆ గోడకి మాత్రం వద్దంటాను.

ఆదివారం చిన్న బావ అటు వస్తున్నాడు, గోనెసంచి ఒకటి ఇచ్చి పంపుతున్నాను. అందులో మూడంగుళాల పైపు ముక్కలు పన్నెండు ఉంటాయి. ఒక్కోటి ఇరవై అంగుళాలు కోసి, నీ చేతులు గీసుకోకుండా అంచులు ఆకురాయితో రుద్దాను. లోపలి కొసకి జాలీ కట్టాను, మట్టి రాకుండా. జాలీ ఉన్న వైపు కొండకి, వట్టి వైపు నీకు. బయటికి కాస్త వాలుగా పెట్టు. పది చాలు, రెండు ఎక్కువే వేశాను. సంచి మాత్రం తిరిగి పంపించు, అది మీ అత్త బియ్యం సంచి.

మామయ్య