పునరుద్ధరణా, పునర్నిర్మాణమా?

సందేహం: పాతకాలపు రైతుల ఇళ్లను, పశువుల కొట్టాలను బాగుచేసి వాటిలోనే నెలకొల్పిన ఒక గ్రామీణ జీవన ప్రదర్శనశాలను ఇటీవల చూశాను. అక్కడి ధాన్యపు కొట్టుకు దూలాలు, గోడలు పాతవే. కప్పు మాత్రం కొత్తది. దాన్ని తెలుగు కరపత్రంలో ఒకచోట ‘పునర్నిర్మించబడినది’ అనీ, మరొకచోట ‘పునఃరుద్ధరించబడినది’ అనీ రాశారు. రెండూ ఒకటేనా? ‘జీర్ణోద్ధరణ’ అనకూడదా?

సమాధానం: రెండూ ఒకటి కావు. నిలిచి ఉండి శిథిలమవుతున్న కట్టడాన్ని, దాని అసలు భాగాలను వీలైనంతవరకు ఉంచి, పాడైన మేరకే సరిచేసి నిలబెట్టడం పునరుద్ధరణ. కూలిపోయి ఆనవాళ్లు మాత్రమే మిగిలినదాన్ని మళ్లీ కట్టడం పునర్నిర్మాణం. చెమ్మకు చివికిన దూలపు కొసను మాత్రం కోసి, అంతమేరకు కొత్త కలపను అతికితే ఆ కొట్టు పాతదే. చారిత్రక కట్టడాల సంరక్షణకు ప్రమాణంగా చెప్పుకునే 1964 నాటి వెనిస్ చార్టర్, కొత్తగా చేర్చిన భాగం మొత్తంలో ఇమిడిపోవాలనీ, అయినా పాతదాని నుంచి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలనీ చెబుతుంది. వడ్రంగి అంత జాగ్రత్తగా చూపే తేడాను కరపత్రం రాసినవారు ఒక్క మాటతో చెరిపేశారు.

ఈ రెండింటికీ లొంగని మూడో పని ఒకటుంది. ఆర్టూర్ హజేలియస్ 1891లో స్టాక్‌హోమ్‌లో ప్రారంభించిన ‘స్కాన్సెన్’ ఆరుబయలు మ్యూజియంలోని పాత ఇళ్లలో చాలావాటిని స్వీడన్‌లోని వేర్వేరు ప్రాంతాల నుంచి తరలించారు. అటువంటివాటిని పునర్నిర్మించారంటే కలపంతా కొత్తదనుకుంటారు, పునరుద్ధరించారంటే మొదటినుంచీ అక్కడే ఉన్నవనుకుంటారు. ‘తరలించి పునఃస్థాపించిన’ అనవచ్చు. ‘విప్పి తెచ్చి మళ్లీ కూర్చిన’ అంటే నాకు ఇంకా నచ్చుతుంది.

‘జీర్ణోద్ధరణ’కు అర్థం దృష్ట్యా అభ్యంతరం లేదు. అయితే వాడుకలో అది గుళ్లకు, చెరువులకు, బావులకు అంటుకుపోయి కొంత పుణ్యకార్యపు వాసన తెచ్చుకుంది. పశువుల కొట్టానికి జీర్ణోద్ధరణ అంటే చదువరి పెదవులపై చిరునవ్వు మొలవకపోదు.

ఇక వర్ణక్రమం. ‘పునః’లోని విసర్గకు మూలం రేఫమే, అంటే ‘ర్’ ధ్వనే. అచ్చులు, సరళాలు, అనునాసికాలు పరమైనప్పుడు ఆ రేఫం బయటపడుతుంది: పునరుద్ధరణ, పునర్జన్మ, పునర్నిర్మాణం. ప, స వంటివి పరమైతే విసర్గగా ఉంటుంది: పునఃప్రారంభం, పునఃస్థాపన. ‘పునఃరుద్ధరణ’లో విసర్గనూ, దానికి మూలమైన రేఫాన్నీ కలిపి రాశారు కనుక అది తప్పు. ద్ధకు ఒత్తు తప్పనిసరి. ‘బడు’ చేర్చిన కర్మణి ప్రయోగం తప్పు కాదు గాని ఇక్కడ దండగ. మీరు చెప్పినదాన్ని బట్టి, ‘కప్పు కొత్తగా వేసి పునరుద్ధరించిన పాత ధాన్యపు కొట్టు’ అని రాసి ఉంటే సరిపోయేది.